మూసిన తూము

టీవీలో ఆ సినిమా వచ్చిందంటే మా ఇంట్లో రిమోట్ నా చేతిలో ఉండాల్సిందే. పండగొచ్చినా అదే వేస్తారు, ఎన్నికలొచ్చినా అదే వేస్తారు, వాన పడి క్రికెట్ ఆగిపోయినా అదే వేస్తారు. హీరో సమ్మెట ఎత్తుతాడు. తూము తాళం రెండు ముక్కలవుతుంది. నీళ్లు నురగలు కక్కుకుంటూ ఎండిన పొలాల మీదకి దూకుతాయి. వెనక డప్పులు, జనం కేకలు. "ఆ ఒక్క సీనూ చూసి మార్చెయ్యి" అంటారు మావారు. ఆ ఒక్క సీనే కదా నాకు పడనిది! దానికి ఈలలు వేసినవాళ్లలో మా డెల్టా వాళ్లే ఎక్కువ. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మా నాన్న కాలువ మీద లస్కరు. ఇరిగేషన్ శాఖలో అందరికంటే కింది మెట్టు ఉద్యోగం. గట్టు వెంబడి తిరిగి ఎక్కడా గండి పడకుండా చూడటం, నీటిమట్టం రాసుకోవడం, పైవాళ్లు చెప్పిన ప్రకారం తూములు ఎత్తడం, దించడం, తాళాలు వేయడం. ఖాకీ చొక్కా, మోకాళ్ల దాకా పంచె, చేతిలో గొడుగు. మా ఊరు భీమవరానికి పన్నెండు కిలోమీటర్లు. కాలువకి మొదట్లో ప్రెసిడెంటు గారి పొలాలు, చివర్లో శివారు పేట వాళ్ల చిన్న చిన్న మళ్లు.

ఇక్కడొక ముక్క చెప్పాలి. ఇది తెలియకపోతే నా కోపం ఎవరికీ అర్థం కాదు. మా వైపు దాళ్వాకి, అంటే ఎండాకాలం వేసే రెండో పంటకి, కాలువలో నీళ్లు తగ్గితే వంతులు పెడతారు. మూడు రోజులు పై పొలాలకి, మూడు రోజులు శివారుకి. శివారు వంతు వచ్చినప్పుడు పైనున్న తూములన్నీ దించి తాళాలు వేసేస్తారు. పైన మూసి ఉంటేనే నీళ్లు కాలువ నిండుగా నడిచి ఆఖరి మడి దాకా వెళ్తాయి. పైన ఒక్క తూము ఎత్తినా కింద కాలువలో పీతలు నడుస్తాయి. అంటే శివారు వాడికి అన్నం పెట్టేది మూసిన తూము, తాళం వేసిన తూము. మా వైపు పుట్టిన చిన్నపిల్లకి కూడా తెలిసిన సంగతి ఇది.

నేను ఏడో తరగతిలో ఉండగా ఒక ఏడాది దాళ్వాకి నీళ్లకి బాగా ఎద్దడి అయింది. శివారు వంతు మొదలైన రోజు మధ్యాహ్నం ప్రెసిడెంటు గారు పదిమందిని వెంటబెట్టుకుని మొదటి తూము దగ్గరికి వచ్చారు. తూము ఎత్తమన్నారు. మా నాన్న తాళంచెవి మొలతాడుకి కట్టుకుని తూము దిమ్మ మీద కూర్చున్నాడు.

"మీ వంతు ఎల్లుండి కాక అవతలెల్లుండండి. ఆయ్, ఆ రోజు తెల్లారేసరికి నేనే వచ్చి ఎత్తుతానండి" అన్నాడట. అంతే. గొంతు పెంచలేదు, అండీ మానలేదు, లేవలేదు. వాళ్లు తిట్టారు, బతిమాలారు, మళ్లీ తిట్టారు. ఒకడు గొడుగు లాక్కుని కాలువలో పారేశాడు. మూడు రోజులూ నాన్న ఆ దిమ్మ మీదే ఉన్నాడు. అమ్మ కేరేజీ కట్టి ఇస్తే నేనే పట్టుకెళ్లేదాన్ని. ఎండకి ఆయన మెడ వెనక చర్మం ఊడిపోయింది. శివారు పొలాలు మాత్రం తడిశాయి, ఆ ఏడు వాళ్లు గింజ చూశారు. నెల తిరక్కుండా నాన్నని మెట్ట ప్రాంతానికి, జంగారెడ్డిగూడెం అవతల ఏదో చెరువు మీదకి బదిలీ చేశారు. మళ్లీ మా కాలువ మీదకి రావడానికి రెండేళ్లు పట్టింది.

ఈ సంగతి ఎవరి ద్వారా విన్నారో, నాన్న తిరిగొచ్చిన ఏడు రాజమండ్రి నుంచి ఒక రచయిత మా ఇంటికి వచ్చారు. కాలేజీలో పాఠాలు చెప్పేవారు. రాజకీయ నవలలు రాస్తారని అప్పటికే బాగా పేరు. సమ్మెలప్పుడు, మీటింగులప్పుడు ఆయన పుస్తకాల్లో పేజీలు పైకి చదివేవారట. మాకు అవేమీ తెలియదు. ఆదివారం పొద్దున్న బస్సు దిగి, మా అరుగు మీద నులక మంచం వాల్చుకుని కూర్చునేవారు. పొడుగాటి నోటుబుక్కు, రెండు పెన్నులు. అడిగిందే మూడుసార్లు అడిగేవారు. "మీరు ఎటువైపు తిరిగి కూర్చున్నారు లస్కరు గారూ? ఎండ ఎటు నుంచి పడింది? తాళంచెవి కుడి పక్కనా, ఎడమ పక్కనా?" అని. మా నాన్నని గారు అని పిలిచిన మొదటి చదువుకున్న మనిషి ఆయనే. నాన్న సిగ్గుపడుతూనే అన్నీ చెప్పేవాడు. ఆరు ఆదివారాలు అలా వచ్చారు. ఆరో వారం నాన్నని తూము దగ్గరికి తీసుకెళ్లి దిమ్మ మీద కూర్చోమని, ఎదురుగా తను గట్టు మీద గంటసేపు కూర్చుని చూశారు. ఆ పూట ఆయన్ని చూసి నేను ముచ్చటపడ్డాను. పెద్దయ్యాక నేనూ రాయాలనుకున్నాను కూడా. ఆ మాట ఇప్పుడు ఒప్పుకోవడానికి నాకు చిరాగ్గా ఉంది.

ఆ నవల వారపత్రికలో సీరియల్‌గా మొదలయ్యేసరికి నేను ఇంటర్ చదువుతున్నాను. నాన్న అక్షరాలు కూడబలుక్కుని చదవగలడు కానీ కథ అంత నెమ్మదిగా చదివితే ఆయనకే విసుగు. అందుకని వారం వారం నేనే పైకి చదివేదాన్ని. మూసిన తూము దగ్గరి అధ్యాయం వచ్చిన వారం నాన్న ఆ ఒక్క వారానిదీ మూడుసార్లు చదివించుకున్నాడు. ఒక్క చోట కూడా అబద్ధం లేదు. నాన్న మెడ మీద ఎండ కూడా ఉంది. "అన్నీ రాసుకున్నారే మేస్టారు!" అని ఆశ్చర్యపోయాడు. శివారు పేట వాళ్లు ఆ పత్రిక కొనుక్కుని చందాలు వేసి కట్టుకున్న పాకలో కూర్చుని చదివించుకున్నారు. ఒకాయన గుమ్మడికాయ మోసుకొచ్చి మా అరుగు మీద పెట్టి, ఏమీ మాట్లాడకుండా వెళ్లిపోయాడు.

తర్వాత దాన్ని నాటికగా వేశారు. మా జిల్లాల్లో పరిషత్తు పోటీలంటే తెలుసు కదా, టెంటు కింద నేల మీద కూర్చుని ముసలీ ముతకా అందరూ మార్కులు వేసేవాళ్లే. స్టేజీ మీద ఒక చెక్కపెట్టె, దానికో తాళం, దాని మీద ఒక మనిషి. ముప్పావుగంట ఆ మనిషి కదలడు. అటూ ఇటూ వచ్చేవాళ్లు వస్తుంటారు, పోయేవాళ్లు పోతుంటారు. నేను పెద్దాపురంలో ఆ నాటిక చూశాను. నా పక్కన కూర్చున్న ఆవిడ కొంగుతో కళ్లు తుడుచుకుంది. కదలకుండా కూర్చున్న మనిషిని జనం చూడరని తర్వాత సినిమా వాళ్లు అన్నారట. అది శుద్ధ అబద్ధం. చూశారు, ఏడ్చారు, నేనక్కడే ఉన్నాను.

సినిమా తీస్తామని హైదరాబాదు నుంచి వచ్చేసరికి నేను బీఎడ్ ముగించి భీమవరంలో ఒక ప్రైవేటు స్కూల్లో పని చేస్తున్నాను. షూటింగు మా కాలువ మీదే పెట్టుకున్నారు. నాన్న ఆనందం అంతా ఇంతా కాదు. డైరెక్టరు గారు ఆయన్ని పిలిచి, తూము ఎత్తితే నీళ్లు ఎలా దూకుతాయో చూపించమన్నారట. ఏఈ గారు, అంటే నాన్న పైన ఇంజనీరు గారు, సరేనన్నారు. నాన్న చక్రం తిప్పి తూము మొత్తం ఎత్తేశాడు. నీళ్లు ధనాధన్ దూకుతుంటే కెమెరా వాళ్లు చప్పట్లు కొట్టారట. మళ్లీ దించమన్నారు, మళ్లీ ఎత్తమన్నారు. అలా నాలుగుసార్లు. ఇంటికి వచ్చి, "మన కథేనమ్మా, అంతా మన కథే" అని మురిసిపోయాడు. ఆ నీళ్లు దేనికి వాడుకుంటారో ఆయనకీ తెలియదు, నాకూ తట్టలేదు. బడిలో మా నాన్న మీద సినిమా తీస్తున్నారని తోటి టీచర్లకి చెప్పుకుని తిరిగాను. అప్పుడే నోరు మూసుకుని ఉండాల్సింది.

విడుదలైన వారం భీమవరంలో మ్యాట్నీకి వెళ్లాం. అమ్మ జరీ అంచు చీర కట్టుకుంది. నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. సినిమాలో లస్కరు వేషం ఒక హాస్యనటుడు వేశాడు. బానపొట్ట, నడుముకి గంపెడు తాళంచెవులు, నడుస్తుంటే గలగలమని చప్పుడు. ప్రెసిడెంటు పోసిన సారా తాగి తూముకి తాళం వేస్తాడు. శివారు పొలాలు బీటలు వారుతుంటాయి. ఆడవాళ్లు కాళ్ల మీద పడితే వాడు ఆవులిస్తాడు. అప్పుడు హీరో వస్తాడు, పట్నంలో చదువుకున్న శివారు కుర్రాడు. "తాళం నీది, నీళ్లు మావి!" అని సమ్మెట వేస్తాడు. మా నాన్న నాలుగుసార్లు ఎత్తి చూపించిన నీళ్లే తెర మీద దూకాయి.

హాలు హాలంతా లేచి నిలబడింది. కాగితాలు ఎగరేశారు. మా చుట్టూ ఉన్నవాళ్లంతా కాలువ నీళ్లతో పంట పండించేవాళ్లే. ఒక్కడంటే ఒక్కడికి అనుమానం రాలేదు. ఆ గోలలో నాన్న పక్క సీటాయన్ని మర్యాదగానే అడిగాడు.

"ఏమండీ, ఆ పై తూము ఎత్తితే నీళ్లు శివారుకెలా వెళ్తాయండీ? ప్రెసిడెంటు పొలంలోకే కదండీ వెళ్తాయి?"

"కూర్చోండి బాబాయ్ గారూ, సినిమా చూడండి" అన్నాడాయన నవ్వుతూ.

నాన్న కూర్చున్నాడు. నేను పళ్లు నూరుకుంటూ ఉండిపోయాను. బయటికొచ్చాక అమ్మే ఒక మాట అంది, "అది మీరేనా?" అని.  నాన్న బస్సులో ఇస్త్రీ చొక్కా పైబొత్తాం విప్పుకుని కిటికీలోంచి కాలువ చూస్తూ కూర్చున్నాడు.

అక్కడి నుంచి మొదలైంది. ఆటోల వెనక "తాళం నీది, నీళ్లు మావి". పెళ్లి భోజనాల్లో మంచినీళ్ల జగ్గు పట్టుకున్నవాడిని చూస్తే అదే మాట. కాకినాడలో హాస్టలు పిల్లలు కుళాయి తాళం కోసం ధర్నా చేసి గోడల మీద అదే రాశారట. జడ్పీటీసీ ఎన్నికలకి మా ప్రెసిడెంటు గారబ్బాయి నిలబడి, జీపు మీద మైకు పెట్టుకుని సాక్షాత్తూ ఆ డైలాగే కొట్టాడు. జనం చప్పట్లు కొట్టారు. గొడుగు కాలువలో పారేయించిన ఇంటివాడు! ఎవరికీ నవ్వు కూడా రాలేదు. గట్టు మీద నాన్న వెళ్తుంటే బడి పిల్లలు జామెట్రీ బాక్సులు గలగలలాడించేవారు. నాన్న దగ్గర మొత్తం మూడు తాళంచెవులు ఉండేవి. వాటిని చప్పుడు కాకుండా జేబురుమాల్లో చుట్టుకోవడం మొదలుపెట్టాడు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఒక ఆదివారం రాజమండ్రి వెళ్లి రచయిత గారింటి తలుపు కొట్టాను. ఆయన నన్ను గుర్తుపట్టారు, కాఫీ ఇప్పించారు. గోడకి సినిమా వందరోజుల షీల్డు ఉంది. నేను కాఫీ ముట్టుకోకుండానే అడిగాను.

"మేస్టారూ, మా నాన్న తూము మూసి కూర్చున్నాడని మీరే కదండీ రాశారు? మూడుసార్లు అడిగి మరీ రాసుకున్నారు. మరి ఇదేంటండీ?"

"నేను చెప్పానమ్మా, గొడవ పడ్డాను కూడా" అన్నారు. "మూసిన తూము ముందు కెమెరా పెడితే జనం చూడరన్నారు. నీళ్లు దూకాలి, తాళం పగలాలి అన్నారు. పైగా తాళం వేసినవాడు మంచివాడంటే సినిమాలో ఎవరూ నమ్మరట. నవల ఎంతమంది చదివారు, రెండు వేల మంది. ఇది ఊరూరూ వెళ్లింది. నీళ్లు పేదవాడివి అన్న మాట ఊరూరూ వెళ్లింది కదమ్మా."

"నీళ్లు పేదవాడికి ఎలా వెళ్తాయో వెళ్లలేదు కదండీ" అన్నాను.

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. నిజం చెప్పాలంటే ఆయన చెడ్డమనిషి కాదు. అందుకే నాకు మరీ కోపం. చెడ్డవాడైతే తిట్టి వచ్చేసేదాన్ని. నేను అడిగింది ఒక్కటే, ఎక్కడైనా ఒక్క వాక్యం చెప్పండి, అసలు లస్కరు ప్రెసిడెంటు అడిగినా తూము ఎత్తలేదని, తాగుబోతు కాదని, ఆయన వల్లే శివారు పండిందని. నవల కొత్త ముద్రణ వస్తోందని, ముందుమాటలో తప్పకుండా రాస్తానని మాట ఇచ్చారు. భీమవరంలో తనకి సన్మానం ఉందని, నాన్నని తీసుకురమ్మని, స్టేజీ మీదే చెప్తానని కూడా అన్నారు. నేను నమ్మాను. బస్సులో వస్తుంటే ప్రాణం తేలికపడింది.

సన్మానానికి నాన్న మొదట రానన్నాడు. బలవంతం చేసి తీసుకెళ్లి మూడో వరసలో కూర్చోబెట్టాను. సాయంత్రం నాలుగు గంటలకి సభ. శాలువాలు, దండలు, పాట పాడిన పిల్లలు, అన్నీ అయ్యాక రచయిత గారు మైకు ముందుకొచ్చారు. మమ్మల్ని చూశారు. చూసి, "ఈ కథలో అసలు లస్కరు..." అని మొదలుపెట్టారు. వెనక నుంచి ఎవడో "డైలాగ్!" అని అరిచాడు. ఇంకొకడు అందుకున్నాడు. ఆయన చెయ్యెత్తి ఆగమన్నారు. "నేను చెప్పేది వినండి, అసలు జరిగింది..." అన్నారు. అప్పటికి హాలంతా "డైలాగ్, డైలాగ్" అని బెంచీలు కొడుతోంది. ఆయన ఒక్క క్షణం అలా నిలబడ్డారు. ఆ క్షణంలో ఆయన ముఖం నేను చూశాను. ఆయనకి అది బాగుంది. ముప్పై ఏళ్లు వందమంది వచ్చే మీటింగుల్లో మాట్లాడిన మనిషి, వెయ్యి మంది అరుస్తుంటే ఏం చేస్తారు? "తాళం నీది..." అన్నారు. "నీళ్లు మావి!" అని హాలు పేలిపోయింది. తర్వాత ఆయన మా సంగతి ఎత్తలేదు. నాన్న కూడా చప్పట్లు కొట్టాడు, అందరూ కొడుతుంటే కొట్టకపోతే బాగోదని.

కొత్త ముద్రణ వచ్చింది. అట్ట మీద సమ్మెట పట్టుకున్న హీరో. ముందుమాటలో నిర్మాతకి, దర్శకుడికి, పాటలు రాసినవారికి ధన్యవాదాలు. నాలుగు పేజీలూ రెండుసార్లు వెతికాను. లస్కరు అన్న మాట లేదు. ఉత్తరం రాస్తే జవాబు వచ్చింది, అచ్చు తొందరలో తప్పిపోయిందని, మళ్లీ ముద్రణలో చేరుస్తానని. ఆ ఉత్తరం చింపి పొయ్యిలో పడేశాను. ఏ రచయిత ఇంటికీ నేను మళ్లీ వెళ్లలేదు, రాయాలన్న కోరికా అక్కడితో పోయింది.

ఆ మరుసటి ఏడు మళ్లీ దాళ్వాకి నీళ్లు తగ్గాయి, మళ్లీ వంతులు పెట్టారు. శివారు వంతు రెండో రోజు. కాలువ నిండుగానే నడుస్తోంది కానీ నీళ్లు శివారుకి చేరడానికి ఇంకా కొన్ని గంటలు పడుతుంది. ఆ కొన్ని గంటలు ఆగలేకపోయారు శివారు పేట కుర్రాళ్లు. కాలేజీలు చదివి ఇంటి దగ్గరున్న ఏడెనిమిది మంది. సినిమా మూడేసిసార్లు చూసినవాళ్లు. నెత్తికి హీరోలాగే ఎర్ర తువ్వాళ్లు కట్టుకుని, ట్రాక్టరు మీద టేప్‌రికార్డరు పెట్టుకుని, సమ్మెటతో మొదటి తూము దగ్గరికి వచ్చారు. మిట్టమధ్యాహ్నం. ఆదివారం కావడంతో నేను నాన్నకి అన్నం పట్టుకెళ్లాను. కళ్లారా చూశాను.

"ఒరేయ్ నాయనా, ఇది ఎత్తితే నీళ్లు మీకు రావురా. మీ నీళ్లే ఇవి. అటుగా మీ మళ్లలోకే వెళ్తున్నాయి, చూడండి" అని నాన్న రెండు చేతులూ చాపి అడ్డం నిలబడ్డాడు.

"తప్పుకోండి బాబాయ్! తాళం నీది..." అని ఒకడు అరిచాడు. మిగతావాళ్లు రెండో ముక్క అందుకున్నారు. నాన్నని కొట్టలేదు. ఇద్దరు ఎత్తి పక్కన కూర్చోబెట్టారు, పెళ్లిలో ముసలాయన్ని జాగ్రత్తగా కుర్చీలో కూర్చోబెట్టినట్టు. తాళం మీద సమ్మెట పడింది. చక్రం తిప్పడం రాక గడ్డపార దూర్చి పైకి లాగారు. ఇనప రాడ్డు వంగిపోయింది. తూము ఎత్తినట్టే ఇరుక్కుంది. నీళ్లు సినిమాలో దూకినట్టే దూకాయి, ప్రెసిడెంటు గారి పొలంలోకి. కుర్రాళ్లు గెంతులు వేశారు. ప్రెసిడెంటు గారి గుమాస్తా గొడుగు వేసుకుని అవతలి గట్టున నిలబడి చూస్తున్నాడు. ఆపలేదు, అరవలేదు. ఎందుకు ఆపుతాడు? కాసేపటికి కొబ్బరి బొండాలు కొట్టించి వాళ్లకి పంపించాడు. వాళ్లు తాగారు కూడా!

మూడు గంటలకి శివారు పెద్దలు పరిగెత్తుకొచ్చారు. కింద కాలువ ఖాళీ అయిపోయింది. కుర్రాళ్లకి అప్పుడు అర్థమైంది. ఒకడు అక్కడే గట్టు మీద తల పట్టుకుని కూలబడ్డాడు. పుట్టినప్పటి నుంచి చూస్తున్న కాలువ, తండ్రుల వెంట వంతులకి వెళ్లిన పిల్లలు. సినిమా హాల్లో మూడు గంటలు కూర్చుంటే అదంతా తుడిచిపెట్టుకుపోయింది! వాళ్లని తిడదామని నోరు తెరిచాను, ఎవరిని తిట్టాలో తెలియలేదు. రాడ్డు మార్చి తూము దించడానికి రెండు రోజులు పట్టింది. వంతు దాటిపోయింది. శివారులో సగం చేలు పాలు పోసుకునే దశలో ఎండాయి.

ప్రభుత్వ ఆస్తి ధ్వంసం చేశారని పోలీసు కేసు పెడతామన్నారు ఏఈ గారు. ఎవరెవరు పగలగొట్టారో లస్కరు రాసి ఇవ్వాలి. కుర్రాళ్ల తల్లులు మా అరుగు నిండా కూర్చున్నారు. ఒకడికి పోలీసు ఉద్యోగానికి పరుగు పరీక్ష అయిందట, ఇంకొకడు టీచరు పోస్టుకి రాశాడట. కేసు పడితే అన్నీ పోతాయి. నాన్న వాళ్లని పంపించేసి, నన్ను కాగితం తెచ్చుకోమన్నాడు. నా దస్తూరీ బాగుంటుందని ఆయన ఆఫీసు కాగితాలన్నీ నేనే రాసేదాన్ని.

"ఇలా రాయమ్మా. ఆ రోజు నేను తూము దించి తాళం వెయ్యడం మర్చిపోయాను. తర్వాత గాబరాలో దించబోతే రాడ్డు వంగింది. ఇందులో ఎవరి ప్రమేయమూ లేదు."

నేను పెన్ను విసిరికొట్టాను. "నేను రాయను. మూడు రోజులు ఎండలో కూర్చున్నావు నాన్నా. ఆ మేస్టారుగారి చుట్టూ తిరిగి, ఒక్క వాక్యం చెప్పమని నేను బతిమాలుకున్నది దీనికా? నువ్వు తూము వదిలేశావని నా చేత్తో రాయాలా?"

"కోప్పడకు. నాకింక రెండేళ్లు సర్వీసుంది. మహా అయితే ఇంక్రిమెంటు కోస్తారు. వాళ్లకి పాతికేళ్లు కూడా లేవమ్మా."

"ఏఈ గారు నమ్మరు. ముప్పై ఏళ్లలో ఒక్కరోజు కూడా తాళం మర్చిపోలేదని ఆయనకి తెలుసు. అబద్ధమని ఇట్టే పట్టేస్తారు."

నాన్న కింద పడ్డ పెన్ను తీసి, మూత పెట్టి చూసి, మళ్లీ తీసి నా చేతికిచ్చాడు. "నమ్ముతారమ్మా" అన్నాడు. "ఆయనా చూశారు కదా సినిమా."

రాశాను. ఏడుస్తూ రాశాను, ఒక చోట సిరా అలుక్కుపోతే మళ్లీ కొత్త కాగితం మీద రాశాను. నాన్న ఒక్కో అక్షరం కూడబలుక్కుని మొత్తం చదువుకుని కింద సంతకం పెట్టాడు. మర్నాడు ఇద్దరం ఆఫీసుకి వెళ్లాం. ఏఈ గారు నిలబడే చదివారు. నేను ఆయన ముఖమే చూస్తున్నాను. ఒక్కసారి కళ్లు పైకెత్తి, నిజమేనా అని అడుగుతారేమో, అడిగితే నాన్న ఏమన్నా సరే నేను చెప్పేద్దామనుకుని గుమ్మం దగ్గర నిలబడ్డాను. ఆయన ఒక్క ప్రశ్న కూడా అడక్కుండా ఆ కాగితం ఫైల్లో పెట్టుకున్నారు.